చెవులు తుంచిన పాట

ఎల్లారెడ్డి
12 జులై 1999

వజీర్‌కు మామూ ఘనీ సలాం, దువా.

ఉర్దూలో రాద్దామంటే నీకు చదవడం రాదు. ఇంగ్లీషులో రాద్దామంటే నాకు రాయడం రాదు. మనిద్దరికీ తెలుగే దిక్కు. ఫోన్ చేయొచ్చు కదా అంటావేమో, ఇక్కడి ఎస్టీడీ బూత్ హనుమాండ్లు సంగతి నీకు తెలియదు. అద్దం తలుపు అవతల నిలబడి పెదాల కదలికను బట్టి కూడా మాట పట్టేస్తాడు. పొద్దున నేనన్న మాట మధ్యాహ్నానికి మీ నానీ దగ్గర ఉంటుంది. అందుకే ఈ కవరుకు జిగురు కూడా రెండుసార్లు పూశాను.

మన తాహేరాకు సంబంధం కుదిరింది. పిల్లవాడిది మద్నూర్. నవంబర్ ఇరవై ఒకటిన నిఖా. నా బిడ్డ పెళ్లికి నా మైక్ సెట్టే పెట్టుకుంటున్నాను కాబట్టి ఈసారి బేరం లేదు, తగువు లేదు.

చిక్కంతా మా అమ్మీతో, అదే మీ నానీతో వచ్చింది. చాంద్ బీ అంటే ఒకప్పుడు ఈ చుట్టుపక్కల వియ్యపురాళ్లకు హడల్ అని నీకు తెలుసు. ఢోలక్ ముందు కూర్చుని ఆమె పాట ఎత్తుకుంటే పెళ్లికొడుకు తల్లి కొంగు సర్దుకోవాల్సిందే. పోయిన ఏడు ఆ జబ్బు వచ్చాక గొంతు పోయింది, గుసగుస తప్ప ఏమీ పలకదు. అయినా నన్ను దగ్గరికి పిలిచి ఏమందో విను: "నా గొంతు పోతే పోయింది, నా పాట ఏడికి పోయింది? నీ అక్క పెండ్లి క్యాసెట్టు లేదా? ఆడోళ్ల అర్రల గా పాట పెట్టు. మద్నూర్ వియ్యపురాలు నా పాట ఇనకుంట బువ్వెట్ల తింటదో నేను సూస్త."

అక్క పెళ్లి అంటే మీ అమ్మ పెళ్లే. డెబ్బై ఎనిమిదిలో దుబాయి నుంచి వచ్చిన టేపు మిషన్ ఒకటి అడుక్కొచ్చి ఆడవాళ్ల గదిలో పెట్టి, ఎర్ర బొత్తం నొక్కి బయటికి వచ్చేశాను. మీ నానీ ఆ రోజు పెళ్లికొడుకు తల్లిని, అంటే మీ దాదీ సాబేరా బీని, పాటతో ఉతికి ఆరేసింది. మీ దాదీ కోపంతో భోజనం కూడా చేయకుండా లేచి, క్యాసెట్టు ఇవ్వమని పట్టుబట్టింది. మగవాళ్లు వినడానికి వీల్లేదంది. రెండు గంటల గడువు అడిగి, ఇంకో మిషన్‌కు వైరు కలిపి నకలు తీసుకుని, అసలుది ఇచ్చేశాను. "పొయ్యిల పెడ్త" అని తీసుకుపోయింది. ఆమె మళ్లీ మా గడప తొక్కలేదు.

ఇప్పుడు ఆ నకలు ముసలిదైపోయింది. సర్రుమంటోంది, అక్కడక్కడా సాగుతోంది. మీ కామారెడ్డి కంప్యూటర్ సెంటర్లో పాటను అద్దాల ప్లేటు మీదికి ఎక్కించే మిషన్ వచ్చిందట కదా. క్యాసెట్టును కండక్టర్ బాలనర్సయ్య చేతికిచ్చి పంపుతున్నాను. టేపు తిప్పే ముందు హెడ్డును స్పిరిట్‌తో తుడువు. మీ దాదీకి మాత్రం ఈ సంగతి తెలియనివ్వకు.

మీ మామూ,
ఘనీ సౌండ్ సర్వీస్

*

కామారెడ్డి
21 జులై 1999

మామూకు వజీర్ సలాం.

క్యాసెట్టు అందింది. బాలనర్సయ్య గారు దాన్ని టికెట్ల సంచిలో పెట్టుకుని, దారంతా ఎవరినీ తన పక్కన కూర్చోనివ్వలేదట.

హెడ్డు తుడిచాను. రెండుసార్లు తుడిచాను. పాట మొత్తం కంప్యూటర్లోకి ఎక్కింది. నానీ గొంతు విని మా సెంటర్‌కు టైపు నేర్చుకోవడానికి వచ్చే అమ్మాయిలు కీబోర్డులు వదిలేసి చుట్టూ చేరారు. "సంధన్ వచ్చింది సోకులు పోతా, గాజులు తోడికోడలివి, చెప్పులు పొరుగింటివి" అని వియ్యపురాలిని ఏడిపించిన చోట ఒకమ్మాయి నవ్వాపుకోలేక బయటికి పరిగెత్తింది.

రెండు సంగతులు మిమ్మల్ని అడగాలి. పాటను దాచడానికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి వేవ్. ఉన్నది ఉన్నట్టు దాస్తుంది కానీ చాలా చోటు తింటుంది, ఈ ఒక్క క్యాసెట్టే ఒక సీడీ మొత్తం ఆక్రమిస్తుంది. రెండోది ఎంపీ త్రీ. మనిషి చెవికి అందని చప్పుళ్లను తీసేసి చిన్నగా చుట్టేస్తుంది. ఇలా చేస్తే మీ దగ్గరున్న పెళ్లి క్యాసెట్లు పది దాకా ఒకే సీడీలో పడతాయి. మా సార్ రెండోదే చేయమంటున్నారు.

ఇంకోటి, పాట వెనకాల రకరకాల చప్పుళ్లు ఉన్నాయి. గిన్నెలు పడ్డాయి, ఎవరో దగ్గారు, ఒక మేక ఆగకుండా అరుస్తోంది. అవన్నీ తీసేసి పాటను శుభ్రం చేయనా?

మీ వజీర్

*

ఎల్లారెడ్డి
29 జులై 1999

వజీర్,

సలాం తర్వాత చెప్తాను, ముందు తిట్లు అందుకో.

చెవికి అందని చప్పుడు తీసేస్తుందా? ఎవరి చెవికి అందనిది? ఆ ఎంపీ త్రీ కనిపెట్టినవాడు ఎప్పుడైనా మన పెళ్లిలో ఆడవాళ్ల గది బయట పరదా పట్టుకుని నిలబడ్డాడా? పాతికేళ్లుగా మైకులు మోస్తున్న నా చెవికి ఏది అందుతుందో వాడికేం తెలుసు? మీ సార్‌కు చోటు కావాలంటే ఆయన సామాను తీసేసుకోమను. నా పాటలో ఒక్క పలుకు తగ్గడానికి వీల్లేదు.

ఇక శుభ్రం చేయడం గురించి. దగ్గింది మీ ముత్తవ్వ. గిన్నె పడేసింది మీ అమ్మే, పెళ్లికూతురై ఉండి కూడా ఊరికే కూర్చోలేక సర్దబోయింది. మేక సంగతంటావా, మరుసటి రోజు విందుకు వచ్చినవాళ్లందరూ దాన్ని ఎంతో మెచ్చుకున్నారు. దాని ఆఖరి మాట అది. దాన్ని చెరిపేస్తే మనం మనుషులమే కాదు.

మీ నానీకి నీ ఉత్తరం చదివి వినిపించాను. ఆమె నవ్వి, "గా మేక నాకన్న మంచిగ తాళం తప్పకుంట ఒర్రింది, ఉండనియ్యి" అంది.

ఉన్నది ఉన్నట్టు దాచు. అంతే.

మామూ ఘనీ

*

కామారెడ్డి
10 ఆగస్టు 1999

మామూకు సలాం.

మీ తిట్లు ఒక్క పలుకు తగ్గకుండా అందాయి.

మీరు చెప్పినట్టే వేవ్ చేశాను. మేక భద్రంగా ఉంది. మామూలు పాటల సీడీలాగే చేశాను కాబట్టి మీ ఊరి వీడియో షాపులో ప్లేయర్ దొరికితే అందులో పెట్టి వాయించుకోవచ్చు. కంప్యూటర్ నేర్పేవాళ్లు మాకు మొదటి రోజే ఒక మాట చెప్తారు, ముఖ్యమైనది ఏదైనా మూడు చోట్ల ఉండాలి, వాటిలో ఒకటైనా వేరే ఊళ్లో ఉండాలి అని. అందుకని ఒకటి మా సెంటర్ కంప్యూటర్లో ఉంచాను. సీడీ, మీ పాత క్యాసెట్టు రెండూ బాలనర్సయ్య గారి చేతికి ఇచ్చి పంపుతున్నాను. కామారెడ్డి మునిగితే ఎల్లారెడ్డిలో ఉంటుంది, ఎల్లారెడ్డి మునిగితే కామారెడ్డిలో ఉంటుంది. ఇక భయం లేదు.

ఒక సందేహం. టేపు చివర్లో నానీ పాట అయిపోయాక ఎవరో ఆడమనిషి "ఆగు, ఇప్పుడు నా..." అంటుంది. టక్కున తెగిపోతుంది. ఎవరామె? తర్వాత ఏమైంది?

మీ వజీర్

*

ఎల్లారెడ్డి
23 ఆగస్టు 1999

వజీర్‌కు దువా.

రెండూ చేరాయి. ప్లేటు భలేగా ఉంది, మీ నానీ దాన్ని అద్దమనుకుని కాటుక సరిచూసుకుంది.

చివర తెగడానికి కారణం ఏమీ లేదు. అసలు క్యాసెట్టు తొంభై నిమిషాలది, ఆ రోజు నాకు దొరికిన ఖాళీది అరవైది. నకలు తీస్తూ దాన్ని వదిలేసి నేను పెళ్లి పనుల్లో పడ్డాను, వచ్చేసరికి టేపు అయిపోయి ఆగి ఉంది. ఆ గొంతు మీ దాదీదే అయి ఉండాలి. తర్వాత ఏముంటుంది, కోపమే ఉంటుంది. మీ నానీని అడిగితే, "ఆడోళ్ల అర్రల అయిన ముచ్చట మొగోనికెందుకు?" అని గోడవైపు తిరిగి నవ్వుకుంది. మన ఇళ్లలో అంతే, ఆ గది మాట ఆ గడప దాటదు.

భద్రం సంగతి నాకు వదిలేయి. మన పద్ధతి ప్రకారం చెవులు కూడా తుంచేసి, వేపాకు చుట్టి, బియ్యం డబ్బాలో పెట్టాను. ఇక మీద ఎవడూ ఏమీ చేయలేడు.

ఎన్నికలు ముంచుకొచ్చాయి. ఊళ్లో ఉన్న ప్రతి ఆటో మీదా నా మైకే. గొంతు చించుకునే నాయకులు చాలామందే ఉన్నారు కానీ బ్యాటరీలు సరిపోవడం లేదు.

మామూ ఘనీ

*

కామారెడ్డి
16 సెప్టెంబర్ 1999

మామూకు సలాం.

క్యాసెట్టు వెనక ఉండే ఆ రెండు ప్లాస్టిక్ చెవులు తుంచేస్తే దాని మీద ఇంకెవరూ రికార్డు చేయలేరని చిన్నప్పుడు మీరే నాకు నేర్పారు. మంచి పని చేశారు.

ఇక్కడ మా సార్‌కు కొత్త జబ్బు పట్టుకుంది. రెండు వేల సంవత్సరం రాగానే ప్రపంచంలో కంప్యూటర్లన్నీ తారీఖు తెలియక పిచ్చెక్కిపోతాయని పేపర్లో చదివి అన్నం మానేశారు. హైదరాబాద్ నుంచి ఒకాయనను పిలిపించారు. ఆయన అన్ని కంప్యూటర్లనూ తుడిచేసి మళ్లీ కొత్తగా ఎక్కించాలన్నాడు. "ముఖ్యమైనవేమైనా ఉన్నాయా?" అని అడిగితే, నానీ పాట ఒకటుంది కానీ మామూ దగ్గర రెండు ఉన్నాయి, తుడిచేయండి అన్నాను. తుడిచేశాడు.

మీలాంటి జాగ్రత్త మనిషి ఉండగా నాకేం చింత?

మీ వజీర్

*

ఎల్లారెడ్డి
17 సెప్టెంబర్ 1999

వజీర్‌కు దువా.

నీలాంటి చదువుకున్న మేనల్లుడు ఉన్నందుకు ఈ మధ్య నాకు చాలా గర్వంగా ఉంది. ఎందుకో విను.

మొన్న మా ఊళ్లో ఖాళీ క్యాసెట్టు అనేది లేకుండా పోయింది. అన్ని పార్టీలవాళ్లూ ఎగబడి కొనేశారు. మన పాత గిరాకీ ఒకాయన గాలిపటం గుర్తు మీద స్వతంత్రంగా నిలబడ్డాడు. "ఘనీ భాయ్, నా ప్రచారం ఆగిపోతది, ఎట్లన్న చేసి ఒక్క క్యాసెట్టు ఇయ్యి" అని నా చేతులు పట్టుకున్నాడు. అప్పుడు నీ మాట గుర్తొచ్చింది. పాట కంప్యూటర్లో ఉంది, ప్లేటులో ఉంది, ఈ ముసలి క్యాసెట్టుతో ఇక పనేముంది? తుంచిన చెవుల తొర్రల మీద అంటుడు కాగితం అతికించి, ఆయన గొంతు రికార్డు చేసి పంపించేశాను. ఆటో మీద ఊరూరా తిరిగింది.

చూశావా, నేను కూడా కొత్త కాలంలోకి వచ్చేశాను.

మామూ ఘనీ

*

కామారెడ్డి
25 సెప్టెంబర్ 1999

మామూ!

నా ఉత్తరం, మీ ఉత్తరం దారిలో ఎదురెదురుగా వెళ్లాయి. బహుశా ఒకే బస్టాండులో ఆగి సలాం కూడా చెప్పుకుని ఉంటాయి.

ఇక్కడ కంప్యూటర్లో పాట లేదు. అక్కడ క్యాసెట్టులో గాలిపటం ఉంది. ఇక మిగిలింది సీడీ ఒక్కటే. దయచేసి దాన్ని ముట్టుకోకండి. వీడియో షాపుకు తీసుకెళ్లి ఒక్కసారి పెట్టి చూడండి, అంచులు పట్టుకుని మాత్రమే తీయండి. ఆ తర్వాత నేనే వచ్చి ఇంకో రెండు నకళ్లు చేసి పెడతాను.

మామూ, పోయిన నెల ఉత్తరంలో మీరు చెవులు తుంచేశానన్నారు. క్యాసెట్టు చెవులేనా? అవి నా చిన్నప్పుడే తుంచి ఉన్నాయి కదా? మరి మీరు తుంచింది దేని చెవులు?

మీ వజీర్

*

ఎల్లారెడ్డి
9 అక్టోబర్ 1999

వజీర్,

ప్లేటు చెవులు.

ఎంత వెతికినా దానికి చెవులు కనబడలేదు. ఎవడో వచ్చి మీ నానీ పాట మీద ఇంకేదో రికార్డు చేసేస్తాడేమోనని భయపడి, కటింగ్ ప్లేయర్‌తో అంచు మీద కొంచెం తుంచాను. రెండో వైపు ఇంకొంచెం తుంచాను. అప్పుడే చిన్న చప్పుడైంది. వెంట్రుకంత గీత పడింది, అది దాని డిజైన్ అనుకున్నాను.

వీడియో షాపులో పెట్టాం. ప్లేటు గిర్రున తిరిగింది, లోపల ఠప్పుమంది. మూత తెరిస్తే రెండు ముక్కలు. షాపు రాజన్న ఇప్పటికీ నాతో మాట్లాడడం లేదు.

గాలిపటం ఆయనను పట్టుకుని క్యాసెట్టు వాపసు తెచ్చాను. ఓడిపోయి దుప్పటి కప్పుకుని పడుకున్నాడు పాపం. మిషన్‌లో వేసి వింటే రెండు వైపులా, మొదటి నుంచి చివరి దాకా "మీ అమూల్యమైన ఓటు" తప్ప ఇంకేమీ లేదు. మేక కూడా లేదు.

పాతికేళ్లు ఊరందరి పాటలూ దాచిపెట్టిన మనిషిని నేను. సొంత తల్లి గొంతు దాచలేకపోయాను. రాస్తుంటే ఏడుపొస్తోంది వజీర్. అమ్మీకి ఇంకా చెప్పలేదు. ఆమేమో మద్నూర్‌వాళ్లు వచ్చినప్పుడల్లా వేలు చూపించి, "ఉండు, నీ సంగతి పెండ్లినాడు సెప్త" అని గుసగుసగా బెదిరిస్తోంది. ఆ వియ్యపురాలు కూడా నవ్వుతూ, "ఎదురుచూస్త అమ్మీ" అంటోంది.

ఏం చేయాలో చెప్పు.

ఘనీ

*

కామారెడ్డి
26 అక్టోబర్ 1999

మామూకు సలాం.

తప్పు మీ ఒక్కరిదే కాదు. సీడీకి చెవులుండవని నేను చెప్పి ఉండాల్సింది. ఉండవని చెప్పాలని నాకు తట్టలేదు. మీ దగ్గర రెండు ఉన్నాయని నేను, నా దగ్గర ఒకటి ఉందని మీరు నమ్మాం. అమ్మ వింటే మనిద్దరినీ ఒకే తాటికి కడుతుంది.

అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటి వచ్చి పడింది. ఆదివారం మహమ్మద్‌నగర్‌లో మా ఇంటికి వెళ్లి అబ్బాకు ఈ గొడవంతా చెప్పుకున్నాను. దాదీ తలుపు వెనక వక్కలు కత్తిరిస్తోందని మాకు తెలియదు. అడకత్తెర చప్పుడు ఆగింది.

"ఏ పాట పోయిందిరా?" అంది.

"ఏదో పాతది దాదీ."

"చాంద్ బీదేనా? కంప్యూటర్ల పోయింది, ప్లేటుల పోయింది, క్యాసెట్టుల పోయిందా?"

ఇక దాచలేక అవునన్నాను. "మంచిగైంది" అంది దాదీ. లేచి లోపలికి వెళ్లి తలుపేసుకుంది. కాసేపటికి లోపలి నుంచి అరిచింది: "నీ మామూ మిషన్ హెడ్డు తుడుస్తడా, లేకుంటే మురికితోనే నడిపిస్తడా?"

ఎందుకడిగిందో నాకు అర్థం కాలేదు. నేను బయల్దేరుతుంటే మాత్రం అబ్బాతో అంది: "తాహేరా పెండ్లికి నేను గూడ వస్త. బండి మాట్లాడు."

ఇన్నేళ్లు ఆ గడప తొక్కని మనిషి ఇప్పుడెందుకు వస్తున్నట్టు? అబ్బాకు కూడా చెమటలు పట్టాయి.

మీ వజీర్

*

ఎల్లారెడ్డి
4 నవంబర్ 1999

వజీర్,

ఎందుకేమిటి, అందరి ముందు మమ్మల్ని ఆడిపోసుకోవడానికి. పాట పోయిందని తెలిసి, మీ నానీ నోరు లేకుండా కూర్చున్న రోజు చూసుకుని వస్తోంది. నా మిషన్ మురికిదని కూడా అంటుందన్నమాట. అన్ని మిషన్ల హెడ్లూ స్పిరిట్‌తో తళతళలాడేలా తుడిచాను. ఆ ఒక్క మాట మాత్రం పడను.

నిన్న అమ్మీకి నిజం చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిట్టడానికి గొంతు లేకపోయినా, చేతిలో విసనకర్ర ఉంది కదా, రెండు తగిలిస్తుందనుకున్నాను. విసనకర్ర పక్కన పెట్టేసింది. నేను పుట్టిన తర్వాత ఆమె కళ్లల్లో నీళ్లు చూడడం ఇదే మొదలు. తాహేరా వచ్చి ఆమె ఒళ్లో తల పెట్టుకుని పడుకుంది. నేను షాపుకు వెళ్లి ఊరికే వైర్లు చుడుతూ కూర్చున్నాను.

సాయంత్రం మీ దాదీ వస్తున్న సంగతి కూడా చెప్పాను. అప్పుడు తల ఎత్తింది. "సాబేరానా? అది కూసునెతందుకు నా పక్కనే జాగ ఉంచు" అంది. ఈ ముసలమ్మల లెక్కలు నాకు అంతుచిక్కవు. నువ్వు రెండు రోజులు ముందే వచ్చేయి. గొడవైతే మీ దాదీని నువ్వు పట్టుకో, మీ నానీని నేను పట్టుకుంటాను.

ఘనీ

*

కామారెడ్డి
17 నవంబర్ 1999

మామూకు సలాం.

రాలేను. ఒళ్లంతా ఆటలమ్మ పోసింది. డాక్టర్ పదిహేను రోజులు గడప దాటొద్దన్నాడు. తాహేరా మొహం మీద మచ్చలు పడితే అది నన్ను జన్మలో వదలదు.

మిమ్మల్ని ఒంటరిగా ఇద్దరి మధ్యా వదిలేస్తున్నందుకు మన్నించండి. ఏం జరిగిందో ఉన్నది ఉన్నట్టు రాయండి. ఎంపీ త్రీ చేయకండి.

మీ వజీర్

*

ఎల్లారెడ్డి
25 నవంబర్ 1999

వజీర్‌కు మామూ దువా. ఆటలమ్మ తగ్గిందనుకుంటాను. గోకకు.

ఉన్నది ఉన్నట్టు రాయమన్నావు కాబట్టి చేయి నొప్పెట్టినా రాస్తున్నాను.

నిఖా బాగా జరిగింది. మగవాళ్ల వైపు సందడికి లోటు లేదు. ఆడవాళ్ల గదిలోనే ఊపిరి ఆడనట్టు ఉంది. ఢోలక్ ఉంది, ఎవరూ ముట్టడం లేదు. చాంద్ బీ ముందు ఇంకొకరు పాడడమా అని మనవాళ్లకు జంకు. మద్నూర్ వియ్యపురాలు పట్టుచీర కట్టుకుని తిట్లు తినడానికి సిద్ధంగా కూర్చుంది. తిట్టేవాళ్లే లేరు. నేను పరదా బయట ఆంప్లిఫయర్ ముందు తలవంచుకుని ఉన్నాను. మైకు లోపల మీ నానీ ముందు ఊరికే నిలబడి ఉంది.

అప్పుడు వచ్చింది మీ దాదీ. ఎవరికీ సలాం కూడా చెప్పకుండా నేరుగా వెళ్లి మీ నానీ పక్కన కూర్చుంది. పాన్‌దాన్ తెరిచిన చప్పుడైంది. పరదా కింది నుంచి ఒక చేయి బయటికొచ్చింది. చేతిలో మఖమల్ గుడ్డ, గుడ్డలో క్యాసెట్టు. తొంభైది. దాని మీద డెబ్బై ఎనిమిదిలో నేను రాసిన రాత. కాల్చేసిందనుకున్న అసలు క్యాసెట్టు, వజీర్!

నా చేయి అలవాటుగా దాని వెనకవైపు తడిమింది. లోపలి నుంచి మీ దాదీ అంది: "చెవులు సూస్తున్నవా? గా దినమే తుంచిన. పెండ్లిళ్లల్ల నువ్వు తుంచుతుంటే ఎన్నిసార్లు సూడలేదు? హెడ్డు తుడిచినవా?"

"తుడిచిన అమ్మీ" అన్నాను.

ఒక మిషన్‌లో అది వేశాను. రెండో మిషన్‌లో కొత్త క్యాసెట్టు పెట్టి ఎర్ర బొత్తం కూడా నొక్కాను, ఈసారి నకలుకు కూడా తొంభైదే పెట్టాను. సర్రుమన్న చప్పుడు లేదు, సాగడం లేదు. మీ నానీ గొంతు నిన్న పాడినట్టు వచ్చింది. గాజులు, చెప్పులు, మేక, అన్నీ వచ్చాయి. మద్నూర్ వియ్యపురాలు కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. గది గదంతా ఊగిపోయింది.

మన నకలు తెగిపోయే చోటు వచ్చింది. ఇక్కడ తెగలేదు. "ఆగు, ఇప్పుడు నా వంతు" అంది టేపులో మీ దాదీ. ఆమె పాడిందిరా! ఆ రోజు మీ దాదీ కోపంతో లేచిందని మగవాళ్లమంతా ఇన్నేళ్లూ చెప్పుకున్నాం. ఆమె జవాబు పాట పాడింది. భలే పాడింది. "తోడికోడలి గాజులు వాపసిచ్చిన, పొరుగింటి చెప్పులు వాపసిచ్చిన, చాంద్ బీ..." అని ఎత్తుకుని, ఆఖరి ముక్క దగ్గర ఆగిపోయింది. మళ్లీ ఎత్తుకుంది, మళ్లీ ఆగిపోయింది. మర్చిపోయింది. ఆడవాళ్లంతా ఘొల్లుమన్నారు. అంతే, లేచి వెళ్లిపోయిన చప్పుడు. తన ఓటమి ఎవరూ వినకూడదని ఆ క్యాసెట్టు తీసుకుపోయింది. మీ నానీకి అంతా తెలుసు. ఆ గది మాట కాబట్టి ఇరవై ఒక్కేళ్లు నోరు విప్పలేదు.

టేపులో నవ్వులు వస్తుండగానే మీ దాదీ, "ఆపు ఘనీ" అంది. ఆపాను. ఢోలక్ మీద దెబ్బ పడింది. మీ దాదీ ఎత్తుకుంది, ఇప్పటి గొంతుతో, కొంచెం బొంగురుగా:

"తోడికోడలి గాజులు వాపసిచ్చిన, పొరుగింటి చెప్పులు వాపసిచ్చిన, చాంద్ బీ, నీ బిడ్డనైతె వాపసియ్యనే ఇయ్య!"

ఎవరూ నవ్వలేదు. పరదా సందులోంచి చూశాను, మీ అమ్మ లేచి వెళ్లి అత్తగారి భుజం మీద మొహం పెట్టుకుంది. నేను వైరు సరిచేస్తున్నట్టు నటించి కళ్లు తుడుచుకున్నాను.

అప్పుడు మైకులో గుసగుస వినబడింది. మీ నానీ అంటోంది: "గీ ఒక్క ముక్కకు ఇన్నేండ్లు పట్టిందా సాబేరా?"

"యాడ పట్టింది! గా దినం ఎడ్లబండి సగం తొవ్వకు పోంగనే యాదికొచ్చింది. వాపసు తిరిగొచ్చి పాడుతనా?" అంది మీ దాదీ. అప్పుడు చూడాలి ఆ గదిలో నవ్వు. బయట షామియానాలో మగవాళ్లు ఏమైందోనని లేచి నిలబడ్డారు.

ఇక పని సంగతి. ఆ అసలు క్యాసెట్టు నాకు ఇవ్వమని బతిమాలాను. మీ దాదీ మళ్లీ మఖమల్‌లో చుట్టి పాన్‌దాన్‌లో పెట్టేసుకుంది. "మీ మామ అల్లుళ్లకిస్తే రేపు గిది గూడ ఓట్లడుగుతది" అంది. నకలు నీకు పంపుతున్నాను. ఉన్నది ఉన్నట్టు కంప్యూటర్లో దాచు. ప్లేట్లు రెండు చేసి రెండూ మీ దాదీకే ఇవ్వు. నాకు వద్దు, చేయి ఊరుకోదు.

దాంతోపాటు ఇంకో క్యాసెట్టు కూడా నాలుగు రోజుల్లో బాలనర్సయ్య తెస్తాడు. అది ఇంకా నిండలేదు. మీ దాదీ పెళ్లికని వచ్చి ఇంకా ఇక్కడే ఉంది. మీ అబ్బా బండి తెస్తే రెండుసార్లు వెనక్కి పంపించేసింది. నేను ఎన్నడూ రికార్డు చేయని పాటలు మీ నానీ దగ్గర ఇంకా బోలెడు ఉన్నాయట. ఆమెకు గొంతు లేదు కాబట్టి మీ దాదీ చెవిలో గుసగుసగా చెప్తోంది, మీ దాదీ మైకులో పాడుతోంది. నేను పక్క గదిలో తలుపు దగ్గర కూర్చుని ఇదిగో ఈ ఉత్తరం రాస్తూ, టేపు అయిపోకుండా కాపలా కాస్తున్నాను. దగ్గులున్నాయి, వక్కలు కత్తిరించిన చప్పుడుంది. ఏదీ తీసేయకు.

ఇప్పుడే పాట మధ్యలో ఆగింది. "చాంద్ బీ, గిది నన్నే తిట్టినట్టున్నది గదా?" అని అడిగింది మీ దాదీ. మీ నానీ అవునని తలూపింది. మీ దాదీ గొంతు సవరించుకుని, ఆ చరణాన్నే మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది.

మీ మామూ ఘనీ